శాన్ బ్రూనో కొండ పార్కు: మిషన్ బ్లూ సీతాకోకచిలుకను చూడదలచినవారికి ఒక సమీక్ష

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరపు దక్షిణ సరిహద్దును ఆనుకుని, డేలీ సిటీ, కోల్మా, బ్రిస్బేన్, సౌత్ శాన్ ఫ్రాన్సిస్కో పట్టణాల మధ్య, నాలుగు వైపులా ఇళ్ళూ రహదారులూ కమ్ముకువచ్చిన చోట శాన్ బ్రూనో కొండ పార్కు ఉంది. దాదాపు 2,400 ఎకరాల ఈ పార్కును శాన్ మటేయో కౌంటీ పార్కుల శాఖ నిర్వహిస్తోంది. కారుకు 6 డాలర్లు ప్రవేశ రుసుము. నగరాన్నీ సముద్రపు పాయనూ పైనుంచి చూడటానికో, పరుగు సాధనకో, సెలవు రోజున పిల్లలను నడిపించడానికో వచ్చేవారే ఇక్కడ ఎక్కువ. ఈ సమీక్షలో ఆ విషయాలు రావు. మిషన్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుకను, దానికి ప్రాణాధారమైన, చిక్కుడు కుటుంబానికి చెందిన అడవి లూపిన్ మొక్కలను చూడాలనుకునేవారికి ఈ పార్కు ఎంతవరకు ఉపయోగపడుతుందో మాత్రమే ఇందులో పరిశీలిస్తున్నాను. బే ఏరియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఫ్రీమాంట్, మిల్పిటాస్, సన్నీవేల్ వంటి ఊళ్ళ నుంచి ట్రాఫిక్ లేని ఉదయం గంటలోపే చేరగలిగిన ఈ కొండ గురించి వారిలో చాలామందికి తెలియదన్నది నేను గమనించిన విషయం.

నా నిర్ణయం ముందే చెబుతాను. మిషన్ బ్లూను దాని సొంత నేలమీద, దాని సొంత మొక్కమీద చూడటానికి ఇంతకంటే అనువైన చోటు నాకు తెలిసి లేదు. ఆ ఒక్క కారణంగానే ఈ పార్కుకు వెళ్ళవచ్చు. అయితే గాజు గదిలో సీతాకోకచిలుకలను వదిలి టికెట్టు మీద చూపించే ప్రదర్శనశాలతో దీన్ని పోల్చకూడదు. నెల తప్పినా, గాలి లేచినా, ఏ మొక్క దగ్గర ఆగాలో తెలియకపోయినా కొండంతా తిరిగి ఒక్క నీలి రెక్కను కూడా చూడకుండా ఇంటికి రావలసి ఉంటుంది. అందుకే దారులు, వసతుల వివరాలు క్లుప్తంగా ముగించి, మొక్కల గురించి విపులంగా రాస్తున్నాను.

గ్వాడలూప్ కాన్యన్ పార్క్‌వే మీద పార్కు ప్రధాన ద్వారం ఉంది. లోపల కార్లు నిలిపే స్థలం, బల్లలు, మరుగుదొడ్లు ఉన్నాయి. కుక్కలను తీసుకురానివ్వరు. వన్యప్రాణుల కోసం పెట్టిన ఈ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఉదయం 8 గంటలకు తెరిచి సూర్యాస్తమయానికి మూసివేస్తారు. బస్సులో వచ్చి చేరడం కష్టమే. కారు లేనివారు తెలిసినవారితో కలిసి రావడం మంచిది. శిఖరం ఎత్తు 1,314 అడుగులు. అక్కడ టెలివిజన్, రేడియో ప్రసార స్తంభాలు గుంపుగా నిలబడి ఉంటాయి. సుమారు 3 మైళ్ళు సాగే సమ్మిట్ లూప్ అనే కాలిబాట కొండ ఎక్కి దిగి బయలుదేరిన చోటికే తిరిగివస్తుంది. పొదలతో నిండిన పల్లాలు, రాతి నేల బయటపడిన వాలులు, పచ్చికమైదానాలు మూడూ ఈ బాటమీద తగులుతాయి కనుక మొదటిసారి వచ్చేవారు దీన్నే ఎంచుకోవాలని నా సలహా. శిఖరం దాటి తూర్పు వైపు సాగే రిడ్జ్ బాటలో గాలి ఎక్కువ, మనుషులు తక్కువ. ఓపిక ఉన్నవారికి అదీ బాగుంటుంది.

ఇక సీతాకోకచిలుక. రెక్కలు పూర్తిగా విప్పినా దీని వెడల్పు 21 నుంచి 33 మిల్లీమీటర్లే. మగదాని రెక్కల పైభాగం వెండి మెరుపున్న నీలం. అంచున సన్నని నల్లని పట్టీ, దాని వెలుపల తెల్లని పొడవాటి నూగు. ఆడదాని పైభాగం ఎక్కువగా గోధుమరంగులో ఉండి, శరీరానికి దగ్గరగా మాత్రమే నీలం పరుచుకుని ఉంటుంది. రెక్కలు మూసి వాలినప్పుడు ఆడామగా రెండింటికీ బూడిదతెలుపు నేపథ్యంమీద నల్లని చుక్కలు కనబడతాయి. ఎగిరేటప్పుడు నీలం తళుక్కుమంటుంది; వాలగానే రెక్కలు మూసుకుని ఎండిన గడ్డిలో కలిసిపోతుంది. కాబట్టి నీలం కోసం వెతికేవారు ఎగిరేదాన్ని కంటితో వెంబడించి, అది ఏ మొక్కమీద ఆగిందో చూసి, అప్పుడు నెమ్మదిగా దగ్గరకు వెళ్ళాలి. పెద్ద సీతాకోకచిలుకల్లా ఇది దూరాలు తిరగదు. పుట్టిన లూపిన్ పొద చుట్టుపక్కలే, నేలకు కొంచెం ఎత్తులో, తన వారం పదిరోజుల రెక్కల జీవితాన్ని గడిపేస్తుంది.

ఈ కొండమీద ఎగిరే ప్రతి నీలి సీతాకోకచిలుకా మిషన్ బ్లూ కాదు. ఆక్మన్ బ్లూ అనే మరొక జాతి ఇక్కడ సాధారణంగా కనబడుతుంది. దాని వెనుక రెక్కల అంచున నారింజరంగు పట్టీ ఉంటుంది, మిషన్ బ్లూకు అది ఉండదు. సిల్వరీ బ్లూ అనే ఇంకొకదానికి రెక్క అడుగున తెల్లని వలయంలో నల్లని చుక్కలు ఒకే వరుసలో చక్కగా తీర్చినట్టు ఉంటాయి. ఫోన్‌లో తీసిన ఫోటోను ఇంటికి వెళ్ళాక పెద్దది చేసి చూస్తే ఈ తేడాలు తేలిగ్గా తెలుస్తాయి. రెక్కల పైభాగం ఒక్కటే ఫోటో తీసి తృప్తి పడకుండా, మూసుకున్న రెక్కల అడుగుభాగం కూడా తీసుకోవడం అవసరం. గుర్తింపుకు పైనున్న నీలం కంటే అడుగునున్న చుక్కలే ఎక్కువ పనికివస్తాయి.

1937లో విలియం హోవానిట్జ్ అనే శాస్త్రవేత్త దీనిని ప్రత్యేక ఉపజాతిగా వర్ణించి పేరుపెట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని మిషన్ ప్రాంతం పేరు మీదుగా మిషన్ బ్లూ అయింది. ఇప్పుడా ప్రాంతమంతా వీధులూ భవనాలే. 1976 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో దీనిని చేర్చింది. నగరంలోని ట్విన్ పీక్స్, బంగారు ద్వారపు వంతెనకు ఆవల మెరీన్ హెడ్‌లాండ్స్, పసిఫికా దగ్గరి మిలాగ్రా రిడ్జ్ వంటి కొద్ది చోట్ల కూడా ఇది ఉన్నా, అన్నిటికంటే పెద్ద సంతతి శాన్ బ్రూనో కొండ మీదే ఉంది. ఒక చిన్న కొండ మీద ఇంత భారం ఉందని తెలిసి నడిచేవారి అడుగు వేరుగా పడుతుందని నేను నమ్ముతాను.

ఈ సీతాకోకచిలుక మూడు రకాల లూపిన్ మొక్కల మీద మాత్రమే గుడ్లు పెడుతుంది. వెండి లూపిన్, వేసవి లూపిన్, రంగుల లూపిన్ అని వాటిని పిలవవచ్చు. శాస్త్రీయ నామాలు వరుసగా లూపినస్ ఆల్బిఫ్రాన్స్, లూపినస్ ఫార్మోసస్, లూపినస్ వేరికలర్. ఈ కొండపై మొదటి రెండే ముఖ్యమైనవి. వెండి లూపిన్ మోకాలెత్తు పొద. మట్టి పలచగా ఉండి రాయి బయటపడిన వాలుల మీద, దారి కోసం కోసిన గట్ల అంచుల మీద ఇది బాగా వస్తుంది. వేసవి లూపిన్ ఎండలు ముదిరేసరికి నేలమట్టానికి ఎండిపోయి, వర్షాలు పడ్డాక వేరునుంచి మళ్ళీ చిగురిస్తుంది. రంగుల లూపిన్ నేలమీద పాకుతూ పెరుగుతుంది; పూలు తెలుపు, పసుపు, ఊదా రంగుల్లో మొక్కమొక్కకూ మారుతుంటాయి. కాలిఫోర్నియా తీరంలో విరివిగా కనిపించే పసుపుపూల పెద్ద లూపిన్ పొద ఈ మూడింటిలో చేరదు. దాని చుట్టూ ఎంతసేపు నిలబడినా మిషన్ బ్లూ గుడ్డు దొరకదు.

వెండి లూపిన్ ముందు మోకాళ్ళమీద కూర్చుని చూడటానికి కొంత సమయం కేటాయించండి. ఈ పార్కులో నాకు అన్నిటికంటే నచ్చిన పని అదే. ఒక్కో ఆకు ఆరు నుంచి పది చిన్న పత్రకాలుగా ఒకే బిందువునుంచి విచ్చుకుని, తెరిచిన గొడుగు కమ్మల్లా నిలబడుతుంది. పత్రకాల మీద పట్టు నూగు దట్టంగా ఉండటం వల్ల మొక్క దూరం నుంచి వెండిరంగులో కనబడుతుంది. పొగమంచు కురిసిన ఉదయం ఆ గొడుగు నడుమ ఒక నీటిబొట్టు నిలిచి ఉంటుంది. పూలు చిక్కుడు జాతి పూల ఆకారంలోనే, కంకిమీద అంతస్తులుగా ఊదారంగులో పూస్తాయి. ప్రతి పువ్వు పై రేకు మధ్య ఒక లేత మచ్చ ఉంటుంది. పువ్వు ముదిరి, పరాగసంపర్కం అయ్యాక ఆ మచ్చ ముదురు ఎరుపుకు మారుతుంది. తేనెటీగలు మచ్చ లేతగా ఉన్న పూలకే ఎక్కువగా వెళ్ళడం కాసేపు కూర్చుంటే మీకే కనబడుతుంది. కాయలు ఎండాక మెలితిరిగి చిట్లుతూ గింజలను దూరంగా విసిరేస్తాయి. మే చివరలో ఎండ బాగా కాసే మధ్యాహ్నం ఆ చిటపటలు చెవికి వినబడతాయి.

గుడ్డు చూడాలంటే ఆకుల పైతట్టును, లేత కాడలను, మొగ్గలను వెతకాలి. ఆడ సీతాకోకచిలుక గుడ్లను గుంపుగా కాకుండా ఒక్కొక్కటిగా పెడుతుంది. గుండుసూది తల కంటే చిన్నగా, తెల్లగా, నడుమ కొద్దిగా నొక్కుకుపోయినట్టు ఉంటుంది గుడ్డు. చిన్న భూతద్దం ఒకటి జేబులో ఉంటే దాని మీది సన్నని వల వంటి చెక్కడం కూడా చూడవచ్చు. వారం పదిరోజుల్లో పిల్లపురుగు బయటకు వస్తుంది. అది ఆకును అంచునుంచి కొరకదు. పై పొరను ఉంచి లోపలి కండను తినేస్తుంది. అందువల్ల ఆకుమీద పలుచని, వెలుగు దూరే చిన్న కిటికీల వంటి మచ్చలు మిగులుతాయి. పురుగు కనబడకపోయినా ఈ మచ్చలు దాని ఆనవాలు. కొన్ని వారాలు అలా తిన్నాక, ఎండలకు మొక్క వాడటం మొదలయ్యే వేళకు, పురుగు ఇంకా బియ్యపుగింజ కంటే చిన్నదిగా ఉండగానే మొక్క మొదట్లో రాలిన ఆకుచెత్తలోకి దిగి నిద్రావస్థలో పడుతుంది. వేసవి, శరదృతువు, చలికాలం గడిచి, వర్షాలకు లూపిన్ కొత్తగా చిగిర్చాక మళ్ళీ మేలుకుని తింటుంది, ప్యూపాగా మారుతుంది, వసంతంలో రెక్కలతో బయటకు వస్తుంది. ఏడాదికి ఒకే తరం. ఏడాదిలో ఎక్కువ భాగం ఈ జీవి నేలమీది ఎండుటాకుల్లో దాగి ఉంటుందన్న సంగతి ఈ పార్కుకు వెళ్ళే ప్రతివారూ తెలుసుకోవాలి. బాట వదిలి లూపిన్ పొదల మధ్య అడుగు వేయడం నవంబరులో కూడా తప్పే, ఏప్రిల్‌లో కూడా తప్పే.

లార్వా ఎదిగాక దాని చుట్టూ చీమలు తిరుగుతుంటాయి. పురుగు వీపు చివరనున్న గ్రంథినుంచి తీపి ద్రవం ఊరుతుంది. చీమలు దాన్ని తాగుతూ, పురుగులో గుడ్లు పెట్టడానికి వచ్చే పరాన్న కందిరీగలను, ఈగలను దగ్గరకు రానివ్వవు. మన ప్రాంతపు రైతులకు ఈ సంబంధం కొత్తదేమీ కాదు. తెలంగాణలో, ఆంధ్రలో కంది పూతకు వచ్చినప్పుడు చేలో ఎగిరే చిన్న నీలి సీతాకోకచిలుక ఇదే కుటుంబానికి చెందినది. దాని ఆకుపచ్చని పురుగు మొగ్గలను, లేత కాయలను తొలిచి తింటుంటే దాని చుట్టూ కూడా చీమలు చేరుతాయి. లూపిన్, కంది రెండూ చిక్కుడు కుటుంబపు మొక్కలే, రెండింటి వేళ్ళ బుడిపెల్లోనూ గాలిలోని నత్రజనిని నేలకు అందించే బాక్టీరియా ఉంటుంది. చేలో పంట నష్టం కలిగించే పురుగుగా లెక్కించే జీవికి బంధువైన ఇంకో జీవిని కాపాడటానికి ఇక్కడ ఒక కొండనే పక్కన పెట్టారు. మన కంది చేను నీలి సీతాకోకచిలుకకు కంది కాకుండా అలసంద, చిక్కుడు, అనేక అడవి మొక్కలు కూడా ఆహారమే. మిషన్ బ్లూకు ఈ మూడు లూపిన్‌లు తప్ప వేరే దారి లేదు. రెండింటి భవితవ్యంలో ఇంత తేడా ఉండటానికి ప్రధాన కారణం ఆ ఎంపికే.

పిల్లలతో వచ్చేవారికి ఒక హెచ్చరిక. లూపిన్ కాయలు చూడటానికి బఠాణీ కాయల్లా, పిల్లిపెసర కాయల్లా ఉంటాయి. వాటి గింజల్లో చేదైన విషపదార్థాలు ఉన్నాయి. నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి. బాటల పక్కన మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ అనే మొక్క కూడా విస్తారంగా ఉంది. అది తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి రోజుల తరబడి దురద పెడుతుంది. పొడవాటి పంట్లాము, మూసిన బూట్లు వేసుకోండి. సీతాకోకచిలుకను, గుడ్డును, పురుగును తాకడం గాని పట్టుకోవడం గాని చట్టరీత్యా నేరం. పార్కులో లూపిన్ గింజలు ఏరుకోవడం కూడా కూడదు.

వాతావరణం గురించి కొంత. మార్చి చివర నుంచి జూలై మొదటి వారాల వరకు మిషన్ బ్లూ ఎగిరే కాలం. ఏప్రిల్ రెండో సగం, మే నెల ఉత్తమం. ఈ కొండ పసిఫిక్ మహాసముద్రానికీ శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికీ మధ్య నిలబడటం వల్ల సముద్రపు గాలి దీన్ని సూటిగా తాకుతుంది. శాన్ హోసేలో చొక్కా తడిసే ఎండ కాస్తున్న రోజున కూడా ఇక్కడ పొగమంచు కప్పి, స్వెట్టరు లేకుండా నిలబడలేని పరిస్థితి ఉండవచ్చు. ఎండ లేనప్పుడు, గాలి బలంగా వీచేటప్పుడు మిషన్ బ్లూ ఎగరదు. గడ్డిలోకి దిగి కదలకుండా ఉండిపోతుంది. కాబట్టి ఉదయం మంచు విడిచాక, మధ్యాహ్నపు గాలి ఊపందుకోకముందు ఉన్న రెండు మూడు గంటలే పనికివచ్చే సమయం. గాలికి అడ్డుగా ఉండే వాలులు, గట్ల చాటున్న లూపిన్‌లు ఎంచుకుంటే ఫలితం మెరుగ్గా ఉంటుంది. వారాంతం కోసం ఆగకుండా, వాతావరణ సూచనలో గాలి తక్కువగా చూపిన రోజున సెలవు పెట్టుకుని వెళ్ళగలిగితే అంతకంటే మంచిది లేదు.

ఈ కొండ ఇప్పటికీ కొండగా మిగిలి ఉండటమే ఒక పెద్ద విషయం. 1960 దశకంలో దీని పైభాగాన్ని తవ్వి, ఆ మట్టితో అఖాతపు తీరాన్ని పూడ్చి, ఆ నేలమీద నిర్మాణాలు చేపట్టాలన్న ప్రణాళిక ఒకటి నడిచింది. ప్రజల వ్యతిరేకత వల్ల అది ఆగిపోయింది. ఆ తరువాత కొండ వాలుల మీద ఇళ్ళు కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. అప్పటికి మిషన్ బ్లూ రక్షిత జీవుల జాబితాలో ఉంది కనుక వివాదం రేగింది. 1982లో అమెరికా కాంగ్రెసు చట్టాన్ని సవరించి, సహజ ఆవాసాన్ని కాపాడే ప్రణాళిక ఒకటి ముందుగా ఆమోదింపజేసుకుంటే, రక్షిత జీవులకు కొంత హాని జరిగే నిర్మాణానికి కూడా అనుమతి ఇవ్వవచ్చని చెప్పింది. ఆ పద్ధతిలో 1983లో ఆమోదం పొందిన మొట్టమొదటి ప్రణాళిక ఈ కొండదే. ఆ తరువాత దేశమంతటా వందల ప్రణాళికలకు ఇదే నమూనా అయింది. కొండలో కొంత భాగం ఇళ్ళకు పోయింది. మిగిలినది శాశ్వతంగా విడిచిపెట్టారు. కొత్త ఇళ్ళనుంచి ఏటా వసూలయ్యే రుసుముతో కొండ నిర్వహణ జరగాలన్నది ఒప్పందం.

ఆ ఒప్పందం మంచిదా కాదా అన్నది పర్యావరణ కార్యకర్తల మధ్య ఇప్పటికీ తెగని వాదన. నా దృష్టిలో అది పూర్తిగా సమర్థించదగినదీ కాదు, పూర్తిగా తోసిపుచ్చదగినదీ కాదు. సీతాకోకచిలుక ఉన్న వాలులను కూడా కొంత మేర ఇళ్ళకు వదిలిపెట్టడం నాకు బాధ కలిగించే విషయమే. కాని ఒప్పందమే లేకపోతే మిగిలిన కొండకు నిరంతరం కాపలా కాసే వ్యవస్థ, ఏటేటా సీతాకోకచిలుకల లెక్కింపు, కలుపు తొలగింపు ఇవేవీ ఉండేవి కావు. భూమిని విడిచిపెడితే చాలు, ప్రకృతి తనంతట తాను నిలుస్తుందన్న అభిప్రాయాన్ని ఈ కొండ గట్టిగా ఖండిస్తుంది. లూపిన్ పచ్చికనేలల మొక్క. మట్టి కదిలిన చోట, ఎండ నేలను తాకే చోట మొలుస్తుంది. పూర్వం ఈ ప్రాంతపు ఆదివాసులైన ఒలోనీ ప్రజలు గడ్డిమైదానాలను తగలబెట్టేవారు. ఆ తరువాతి కాలంలో పశువులు మేసేవి. రెండూ ఆగిపోయాక కయోటీ బ్రష్ అనే స్థానిక పొదే పచ్చికలోకి చొరబడి కమ్ముకుంటోంది. ఏ విదేశీ కలుపూ రాకపోయినా, చేతులు కట్టుకు కూర్చుంటే ఈ కొండమీద లూపిన్ నేల ఏటికేడాది కుంచించుకుపోతుంది.

ఇక విదేశీ కలుపు మొక్కలు మరో తలనొప్పి. ఐరోపా నుంచి వచ్చిన పసుపుపూల ముళ్ళపొద గోర్స్, మనం జామాయిల్ అని పిలిచే యూకలిప్టస్, వంటింట్లో మనకు బాగా తెలిసిన సోంపు మొక్క, ఇవన్నీ ఇక్కడ కొండను ఆక్రమించినవే. మనిషెత్తున పెరిగిన సోంపు తుప్పలు వాలులను కప్పేసిన దృశ్యం తెలుగువారికి వింతగా అనిపిస్తుంది. వాటి నీడన లూపిన్ మొలవదు. స్వచ్ఛంద కార్యకర్తలు వేళ్ళతో సహా పెకలించే పని చేస్తున్నారు. ఆసక్తి ఉన్నవారు వారితో ఒక ఉదయం గడిపితే, ఎన్నిసార్లు బాటమీద నడిచినా అర్థంకానంత ఈ కొండ గురించి అర్థమవుతుంది. లూపిన్‌కు శిలీంధ్ర తెగులు కూడా ఉంది. తడి ఎక్కువైన వసంతాల్లో అది విజృంభించి కాడలను మెలితిప్పి మొక్కలను చంపుతుంది. 1998 ఎల్ నీన్యో వర్షాల తరువాత ఈ సీతాకోకచిలుక నివసించే ఇతర చోట్ల వెండి లూపిన్ భారీగా చచ్చిపోవడంతో సీతాకోకచిలుకలూ పడిపోయాయి. ఒకే వాలుమీద రెండు రకాల లూపిన్‌లు ఉండటం ఎంత అవసరమో అప్పుడు బోధపడింది.

ట్విన్ పీక్స్‌ను కూడా పరిగణించాలా అని అడిగేవారికి నా జవాబు ఇది. నగరం నడిబొడ్డునున్న ఆ జంట శిఖరాల మీద మిషన్ బ్లూ దాదాపు కనుమరుగైన దశలో, 2009 నుంచి శాన్ బ్రూనో కొండమీది ఆడ సీతాకోకచిలుకలను తీసుకెళ్ళి అక్కడి లూపిన్‌ల మీద విడిచారు. ఆ శ్రమ ఫలించింది, అక్కడ మళ్ళీ సంతానం పెరిగింది. అయితే అక్కడ స్థలం చిన్నది, పర్యాటకుల రద్దీ ఎక్కువ. నగరంలో ఎలాగూ ఉన్నవారు ఒకసారి చూడవచ్చు. సమయం ఒక్క చోటికే ఉంటే శాన్ బ్రూనోకే రావాలి. నగరపు ఇసుకతిన్నెల మీద ఒకప్పుడు ఎగిరిన జెర్సీస్ బ్లూ అనే మరో నీలి సీతాకోకచిలుక 1940 దశకపు తొలి సంవత్సరాల తరువాత ఎవరికీ కనబడలేదు. తిన్నెలు ఇళ్ళస్థలాలయ్యాయి, దానితోపాటు అదీ పోయింది. 2024లో నగరంలోని ప్రెసీడియో పార్కు తిన్నెల మీద దానికి దగ్గరి బంధువైన సిల్వరీ బ్లూను దాని స్థానంలో విడిచిపెట్టారు. ఎంత మంచి ప్రయత్నమైనా పోయినదాన్ని అది తిరిగి తేలేదు. మిషన్ బ్లూ విషయంలో ఆ అవసరం రాలేదంటే అందుకు ఈ కొండే కారణం.

కొండ చూసి వచ్చాక ఇంటి పెరట్లో లూపిన్ వేయాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది, అది మంచి కోరికే. ఇంటి దగ్గరి పెద్ద తోటసామగ్రి దుకాణంలో లూపిన్ మొక్క అని కొనే ముందు జాగ్రత్తపడాలి. నాకు ఒక దుకాణంలో సీతాకోకచిలుకలకు ప్రీతిపాత్రమైనదన్న చీటీ తగిలించి అమ్మినది తోటల కోసం సంకరం చేసిన రంగురంగుల లూపిన్. అది ఇక్కడి ఎండకు తాళక జూలైలోనే చచ్చిపోయింది. దానిమీద పురుగుమందు వాడారా అని అడిగితే దుకాణంలో ఎవరూ స్పష్టంగా చెప్పలేకపోయారు. పురుగుమందు ఇంకిన మొక్కను సీతాకోకచిలుకల పేరుతో అమ్మడం కొనేవారికీ ఆ జీవికీ చేసే అన్యాయం. ఏ దుకాణంలోనైనా ఈ ప్రశ్న తప్పకుండా అడగండి, జవాబు రాకపోతే కొనకండి.

బ్రిస్బేన్‌లో కొండ పాదం దగ్గరున్న మిషన్ బ్లూ నర్సరీని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. శాన్ బ్రూనో మౌంటెన్ వాచ్ అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని నడుపుతోంది. ఈ కొండకు చెందిన స్థానిక మొక్కలను పెంచి, కొండ పునరుద్ధరణకు వాడుతూ, ప్రజలకు కూడా అమ్ముతుంది. రోజూ తెరిచి ఉండే దుకాణం కాదు కనుక అమ్మకపు రోజులు ముందుగా తెలుసుకుని వెళ్ళాలి. లూపిన్ ఒక్కటే కొనకుండా, సీతాకోకచిలుకలకు తేనె అందించే తీరప్రాంతపు బక్‌వీట్ వంటి మొక్కలు కూడా తెచ్చుకుంటే పెరడు వసంతమంతా కళకళలాడుతుంది. ఫ్రీమాంట్‌లోనో శాన్ రామోన్‌లోనో మీరు వేసిన లూపిన్ మీదికి మిషన్ బ్లూ రాదు. అది తన కొద్దిపాటి కొండలు దాటి అంతదూరం ఎగరలేదు. ఆక్మన్ బ్లూ వంటి ఇతర నీలి సీతాకోకచిలుకలు, స్థానిక తేనెటీగలు మాత్రం వస్తాయి.

నాటడానికి అక్టోబరు, నవంబరు నెలలు సరైనవి, తొలి వర్షాల తడికి వేరు దిగుతుంది. లూపిన్ తల్లివేరు లోతుగా సూటిగా దిగే రకం, అందువల్ల ఒకసారి నాటాక చోటు మార్చితే బతకదు. కుండీలో ఎక్కువకాలం ఉంచిన పెద్ద మొక్క కంటే చిన్న మొక్కే త్వరగా నిలదొక్కుకుంటుంది. గింజలు దొరికితే పైపొర గట్టిది కనుక వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవి ఏరి నాటాలి. నేల ఇసుకగా, రాతిగా, నీరు నిలవకుండా ఉండాలి. పశువుల ఎరువు అవసరం లేదు, నత్రజనిని అదే సమకూర్చుకుంటుంది. మొదటి ఏడాది వేసవిలో అప్పుడప్పుడు నీరు పోయాలి. రెండో ఏడాది నుంచి ఎండాకాలంలో నీరు పెడితే వేరు కుళ్ళుతుంది. కింద రాలిన ఎండుటాకులను ఊడ్చి శుభ్రం చేయకండి, మొక్క మొదట్లో అలాగే వదిలేయండి.